తూటాలో పట్టువిడుపులు

కాల్పుల మైదానములో తుపాకుల మోత అణగిన తరువాత మరొక పని మొదలగును. పేల్చినవారే నేలపై వంగి, పచ్చికలోను ఇసుకలోను పడిన ఇత్తడి గొట్టములను ఏరి, లెక్కపెట్టి, సంచులలో పోసి అప్పగింతురు. ఇచ్చిన తూటాలెన్ని, తిరిగివచ్చిన ఖాళీ గొట్టములెన్ని అను పద్దు సరిపోవలెను. సైన్యములోను, పోలీసు శాఖలోను పనిచేసినవారికే గాక నేషనల్ కేడెట్ కోర్‌లో శిక్షణ పొందిన విద్యార్థులకు కూడ ఈ లెక్క పరిచితమే. అట్లు ఏరిన గొట్టమును తలక్రిందు చేసి చూచినచో దాని అడుగున నడుమ చిన్న నాణెము వలె గుండ్రని లోహపు మూత ఒకటి కనుపించును. తుపాకి సూది పొడిచిన గుంట దానిమీద ఉండును. దానిని వాడుకలో క్యాపు అందురు. కర్మాగారముల భాషలో ప్రైమరు. తూటాకు ప్రాణము అదియే.

పేలిపోయిన క్యాపును ఊడదీసి క్రొత్తదానిని అమర్చి, మందు పోసి, గుండు బిగించినచో ఆ ఇత్తడి గొట్టము మరల తూటా కాగలదు. వేట తుపాకుల తూటాలలో ఈ పని సుకరము. సైనిక తూటాలలో మాత్రము ఆ క్యాపు మొండికెత్తును. ఊడిరాకూడదనియే దానిని చుట్టును నొక్కి బిగించి యుందురు. ఈ బిగింపు ఏల ఏర్పడెను, దానిని విడిపించుటకు మనుష్యులు ఏ ఉపాయములు పన్నిరి అను కథలో రెండు శతాబ్దముల చరిత్ర ఇమిడియున్నది. ఆ చరిత్రలో భారతదేశపు పాలు కూడ స్వల్పము కాదు.

క్యాపు పుట్టకపూర్వము తుపాకి మందు అనగా సురేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరిన నల్లపొడి మాత్రమే. దానికి నిప్పు ముట్టించుటయే చిక్కు. మొదట నిప్పంటించిన ఒత్తితో ముట్టించిరి. పిదప చెకుముకి తుపాకులు వచ్చెను. చెకుముకిరాయి ఉక్కుమీద పడి రవ్వలు రాల్చగా, గిన్నెలోని పొడి అంటుకొని, సన్నని రంధ్రము గుండ గొట్టములోని మందును అంటించెడిది. వానకు పొడి తడిసెడిది, గాలికి చెదరెడిది. అయినను ఈ సామగ్రి అంతయు దేశములోనే దొరకెడిది. సురేకారము తీయువారు, బొగ్గు కాల్చువారు, గొట్టములు సాగగొట్టు కమ్మరులు దక్కనులోను కోస్తాలోను ఉండిరి. 18వ శతాబ్ది చివర నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదులో ఫిరంగులు పోతపోయించిన చోటు నేటికిని గన్‌ఫౌండ్రీ అను పేరుతో నగరము నడుమ నిలిచియున్నది. నల్లమందు యుగములో ఆయుధము చేయుటకు మూడు దినుసులు, కొలిమి, పనితనము ఉన్నచో చాలును.

ఆ స్థితిని మార్చినవాడు సైనికుడు కాడు, కమ్మరియు కాడు, ఒక మతగురువు. స్కాట్లండులోని బెల్‌హెల్వీ అను గ్రామమున చర్చి గురువైన అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ పక్షుల వేటయందు ఆసక్తి కలవాడు. చెకుముకి తుపాకి గిన్నెలో భగ్గుమను మంటను చూచి పక్షులు బెదరి, గుండు చేరులోపలనే ఎగిరిపోవుట ఆయనకు చిరాకు కలిగించెను. ఎడ్వర్డ్ హోవర్డ్ అను రసాయనజ్ఞుడు 1800లో పాదరస ఫల్మినేటును గురించి ప్రకటించెను. దెబ్బ తగిలినంతనే పేలుట ఈ జాతి రసాయనముల గుణము. మంటతో ముట్టించుటకు బదులు దెబ్బతో ముట్టించినచో ఏమి అని ఫోర్సైత్ తలపోసి, లండను కోటలో కొంతకాలము ప్రయోగములు జరిపి, 1807లో హక్కుపత్రము పొందెను. అటు పిమ్మట కొలదికాలమునకే ఆ రసాయనమును చిన్న రాగి టోపీలో పెట్టు పద్ధతి వచ్చెను. దానిని కనిపెట్టినది తామే యని పలువురు వాదించిరి; వారిలో జాషువా షా 1822లో అమెరికాలో హక్కుపత్రము తీసికొనెను. 1840 నాటికి బ్రిటిషు సైన్యము చెకుముకిని విడిచి టోపీ తుపాకులకు మారుచుండెను.

ఈ మార్పులోని గూఢార్థమును గుర్తింపవలెను. మందును ఊరిలో నూరవచ్చును. గుండును ఇంట పోతపోయవచ్చును. రాగి టోపీని మాత్రము యంత్రముతో అచ్చొత్తవలెను. అందులోని రసాయనమును శిక్షణ పొందినవారే చేయవలెను. వేలకొలది టోపీలు ఒకే కొలతలో రావలెను. కావున క్యాపు వచ్చిన నాటినుండి తుపాకి యొక్క శక్తి తుపాకి పట్టినవాని చేతినుండి కర్మాగారము చేతికి జారిపోయెను. కర్మాగారము ఎవరిదో, కాల్పుల బలము వారిదయ్యెను.

1857లో ఈ సత్యము భారతదేశమున రక్తాక్షరములతో వెల్లడియయ్యెను. అప్పటి ఎన్‌ఫీల్డు తుపాకిలో క్యాపు వేరు, తూటా వేరు. తూటా అనగా మందును గుండును కలిపి చుట్టిన కాగితపు పొట్లము. దాని కొన కొరికి, మందును గొట్టములో పోసి, గుండును దిగగొట్టి, పిదప పిడిదగ్గరి ముక్కుకు క్యాపు తొడుగవలెను. పొట్లమునకు పూసిన కొవ్వు ఆవుదో పందిదో అను శంక ఆ ఏడు జనవరిలో కలకత్తా సమీపమున డమ్‌డమ్‌లో రేగి, దండునుండి దండునకు ప్రాకెను. ఏప్రిలు 24న మీరట్‌లో మూడవ బెంగాలు అశ్వికదళమునకు చెందిన 85 మంది సిపాయిలు తూటాలను ముట్టనొల్లమనిరి. వారిని విచారించి శిక్షించి, మే 9న దండు ఎదుట సంకెలలు వేసిరి. మరునాడు మీరట్ తిరగబడెను. కాగితము, కొవ్వు, మందు, గుండు, క్యాపు అను అయిదు వస్తువులు విడివిడిగా ఉన్న పద్ధతి ఎంత దుర్బలమో ఆయుధశాస్త్రజ్ఞులకు అంతకుముందే తెలియును. అయిదింటిని లోహపు గొట్టములో ఒక్కటిగా చేయు ప్రయత్నములు ఐరోపాలోను అమెరికాలోను అప్పటికే సాగుచుండెను.

ఆ ప్రయత్నములు 1866లో ఫలించెను. చిత్రమేమన, ఆ ఒక్క సంవత్సరమే ఇద్దరు మనుష్యులు, ఇరు దేశములలో, ఒకే చిక్కునకు రెండు విధములైన పరిష్కారములను చూపిరి. ఒకడు ఇంగ్లండులో వూల్విచ్ ఆయుధశాలయందలి రాయల్ లాబొరేటరీకి అధిపతియైన కర్నలు ఎడ్వర్డ్ బాక్సర్. రెండవవాడు అమెరికా అంతర్యుద్ధమున గురికాండ్ర దళమును నడిపిన హైరమ్ బెర్డాన్. తూటా అడుగు నడుమ చిన్న గుంట చేసి, అందులో క్యాపును దిగగొట్టుట ఇద్దరి పద్ధతిలోను ఉన్నదే. భేదమంతయు దాగలిలో ఉన్నది.

దాగలి లేనిదే కమ్మరి సుత్తికి పని లేదు. అట్లే తుపాకి సూది క్యాపును పొడిచినపుడు అందులోని రసాయనము నలుగుటకు వెనుక ఒక గట్టి ఆధారము కావలెను. బాక్సర్ ఆ చిన్న దాగలిని క్యాపులోనే అమర్చెను. గొట్టపు అడుగున నడుమ ఒకే పెద్ద రంధ్రము చేసెను. నిప్పు ఆ రంధ్రము గుండ మందునకు చేరును. బెర్డాన్ దాగలిని గొట్టపు అడుగులోనే మొటిమ వలె నిలిపి, దానికి ఇరుప్రక్కల రెండు సన్నని రంధ్రములు చేసెను. ఈ పద్ధతిలో క్యాపు ఉత్త గిన్నె మాత్రమే, కనుక చవుక. బాక్సర్ పద్ధతిలో క్యాపు చేయుట కొంచెము కష్టము. కాని పేలిన తరువాత గొట్టము నోటినుండి సన్నని చువ్వను దింపి, నడిమి రంధ్రము గుండ తట్టినచో క్యాపు క్రింద రాలిపోవును. ఇంగ్లీషువాని క్యాపు అమెరికాలోను, అమెరికావాని క్యాపు ఐరోపాలోను స్థిరపడుట చరిత్రలోని పరిహాసములలో ఒకటి. బ్రిటిషు సైనికశాఖ కూడ తన .303 తూటాలకు ఎక్కువగా బెర్డాన్ పద్ధతినే వాడెను.

ఈ కాలముననే మన దేశమున తూటా కర్మాగారములు విస్తరించెను. పూనా సమీపమున ఖడ్కీలో (నాడు కిర్కీ అనెడివారు) 1869లో మందుగుండు కర్మాగారము నెలకొల్పిరి. 1857 చేదు అనుభవము నెరిగిన ప్రభుత్వము తూటాల తయారీని తన గుప్పిటనే ఉంచుకొనెను. 1878 ఆయుధముల చట్టము భారతీయుల చేత ఆయుధము నిలువకుండ జేసెను. కర్మాగారములలో చెమటోడ్చినవారు మాత్రము భారతీయులే. యంత్రముల ముందు నిలిచి, ఇత్తడి బిళ్లలను గిన్నెలుగా, గిన్నెలను గొట్టములుగా సాగదీసినవి ఈ దేశపు చేతులే. తాము చేసిన తూటాను తాము ఇంట ఉంచుకొనుటకు వారికి హక్కు లేకుండెను.

నల్లమందు కాలములో వాడిన గొట్టములను మరల నింపుకొనుట సైన్యములలో సైతము కలదు. అమెరికా సైన్యము మొదట లోపలి నుండి క్యాపు బిగించిన రాగి గొట్టములను వాడెను. అవి ఒక్కసారికే పనికివచ్చెడివి. 1880 దశకమున వెలుపలినుండి క్యాపు దిగగొట్టు గొట్టములకు మారిన పిదప, దూరపు ఠాణాలకు నింపుడు పనిముట్లను పంపి, గురి అభ్యాసమునకు సిపాయిలచేతనే తూటాలు నింపించిరి. అప్పటికి క్యాపును బిగించి నొక్కవలసిన పని లేకుండెను. ఒక్కొక తూటానే పెట్టి నెమ్మదిగా కాల్చు తుపాకిలో క్యాపు కొంచెము వదులైనను ముప్పు లేదు.

యంత్రపు తుపాకి వచ్చి ఈ శాంతిని చెరచెను. హైరమ్ మాక్సిమ్ 1884 ప్రాంతమున నిర్మించిన తుపాకి తన విసురుతోనే తాను ఖాళీ గొట్టమును బయటికి లాగి, క్రొత్త తూటాను లోనికి త్రోసికొనును. నిమిషమునకు వందలకొలది సార్లు ఈ పని జరుగును. తూటా పేలిన క్షణమున లోపలి ఒత్తిడి నలుదిక్కులకు త్రోయును. క్యాపు మీద కూడ ఆ ఒత్తిడి పడి, అది వెనుకకు జరుగజూచును. మామూలు తుపాకిలో వెనుకనున్న ఉక్కుదిమ్మె దానిని ఆపును. గొట్టము కూడ వెనుకకు వచ్చి క్యాపును తిరిగి గుంటలో కూర్చుండబెట్టును. యంత్రపు తుపాకిలో గొట్టమును లాగు వేగము అధికము. ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే లాగుట కలదు. అట్టి వేళ క్యాపు గుంటనుండి జారి, తుపాకి లోపలి భాగముల నడుమ పడినచో యంత్రమంతయు బిగిసిపోవును. చిటికెన గోరు పాటి లోహపు గిన్నె కొన్ని శేరుల బరువుగల యంత్రమును ఆపివేయును. శత్రువు ఎదురుగా వచ్చుచున్న క్షణమున తుపాకి ఆగిన సైనికుని గతి ఏమో చెప్పనక్కరలేదు. ఆ తుపాకిని నమ్ముకొని ముందుకు నడచుచున్న తోటివారి గతియు అంతియే.

అందువలన క్యాపును దిగగొట్టిన తరువాత గుంట అంచు లోహమును క్యాపుమీదికి నొక్కి కప్పు పద్ధతి సైనిక తూటాలలో నియమమయ్యెను. దీనినే క్రింపు అందురు. ఇందు ముఖ్యముగా రెండు తీరులు కలవు. ఒకటి, గుంట చుట్టును వలయముగా నొక్కుట. తూటా అడుగున క్యాపు చుట్టు గాజు వలె ఒక గీత కనుపించును. రెండవది, రెండు మూడు చోట్ల ఉలి మొనతో పొడిచినట్లు నొక్కుట. అపుడు గీతకు బదులు గాట్లు కనుపించును. దీనికి తోడు, తేమ చొరకుండ క్యాపు చుట్టును లక్క వంటి పూత పూయుదురు. .303 తూటాల అడుగున కనుపించు ఊదారంగు వలయము అట్టి పూతయే. పూత ఎండి అంటుకొనుట, అంచు నొక్కుకొనుట అను రెండు కట్టులు కలిసి క్యాపును కదలనీయవు.

ఇక్కడ ఫిరంగి తూటాలతో పోల్చి చూచుట ఉచితము. ఫిరంగి తూటాల ఇత్తడి గొట్టములు పెద్దవి, ఖరీదైనవి. వానిని యుద్ధభూమినుండి తిరిగి తెచ్చి, కర్మాగారములో సరిదిద్ది, పలుమారులు వాడెడివారు. కావున వాని ప్రైమరును మర చుట్లతో బిగించిరి. తగిన పనిముట్టుతో త్రిప్పినచో ఊడివచ్చును. అనగా, తిరిగి వాడదలచినదానికి విడుపును ముందే అమర్చిరి. ఒక్కసారి వాడి పారవేయదలచినదానికి పట్టును మాత్రమే అమర్చిరి. చిన్న తూటా యొక్క మొండితనము దాని స్వభావము కాదు. దానిని చేసినవారి ఉద్దేశము.

లోహమును నొక్కి బిగించుటలో మరొక చిక్కు కలదు. అది మొదట బయటపడినది భారతదేశములోనే. వర్షాకాలములో దండయాత్రలు తగ్గగా, తూటాలను గుఱ్ఱపుసాలలలో నిలువచేసెడివారు. వానలు వెలిసిన తరువాత తీసి చూడగా అనేక తూటాల ఇత్తడి పగిలియుండెను. ముఖ్యముగా గుండును పట్టుకొనుటకు గొట్టపు మెడను నొక్కిన చోటులలో పగుళ్లు అధికము. ఋతువుతో వచ్చు పగులు కనుక దానికి ఋతుభేదము అను అర్థము వచ్చు పేరే ఇంగ్లీషులో స్థిరపడెను. కారణము మాత్రము చాలకాలము అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దానిని వివరించిరి. చల్లని లోహమును సాగదీసి నొక్కినపుడు లోపల ఒక బిగువు మిగిలిపోవును. గుఱ్ఱపు మూత్రమునుండి లేచు అమ్మోనియా ఆవిరి ఆ బిగువున్న చోటులనే పట్టి చీల్చును. బిగువును సడలించుటకు ఇత్తడిని మెల్లగా వేడిచేయుట దీనికి విరుగుడు. భారతదేశపు వానలు, గుఱ్ఱపుసాలలు నేర్పిన ఈ పాఠము నేడు లోహశాస్త్ర గ్రంథములలో చేరి, ప్రపంచమంతట విద్యార్థులచే చదువబడుచున్నది.

క్యాపులోని రసాయనము సైతము గొట్టమునకు శత్రువైన కాలము కలదు. పాదరస ఫల్మినేటు పేలినపుడు వెలువడు పాదరసము ఇత్తడిలో ఇంకి దానిని పెళుసుచేయును. నల్లమందు కాలములో మసి ఎక్కువగా మిగులుట చేత పాదరసము దానిలో కలిసిపోయెడిది. పొగలేని మందు వచ్చిన తరువాత అది నేరుగా ఇత్తడిని పట్టెను. అట్టి గొట్టమును మరల నింపి పేల్చినచో పగులు అపాయము కలదు. కావున పాదరసమును విడిచి క్లోరేటు లవణములు గల క్యాపులను వాడిరి. అవి ఇత్తడిని విడిచి తుపాకిని పట్టెను. పేలిన తరువాత మిగులు ఉప్పు గాలిలోని తేమను పీల్చి, తుపాకి గొట్టమును తుప్పు పట్టించును. .303 తుపాకి పట్టిన సిపాయి కాల్పుల తరువాత గొట్టములో మరిగిన నీరు పోసి కడుగుటకు కారణము ఇదియే. నూనె ఉప్పును కరగింపదు, నీరే కరగించును. తుప్పు పట్టించని క్యాపులు రెండు ప్రపంచయుద్ధముల నడుమ వ్యాపారమున వచ్చినను, సైన్యములు వానిని పూర్తిగా చేపట్టుటకు 1950 దశకము వరకు కాలము పట్టెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత మొండి క్యాపుల సమస్య సైన్యమునుండి సామాన్యుల ముంగిటికి వచ్చెను. అమెరికాలో గురి పందెములు ఆడువారును వేటగాండ్రును లక్షలాదిగా కలరు. వారు తమ తూటాలను తామే నింపుకొనుట పాత అలవాటు. కనెక్టికట్ రాష్ట్రమున జాన్ బార్లో 1884లో స్థాపించిన ఐడియల్ సంస్థ ఇందుకై చేతి పనిముట్లను అమ్మెను. 1925లో ఆ వ్యాపారమును లైమన్ సంస్థ కొనెను. యుద్ధకాలమున గుండ్లు దొరకనపుడు కాలిఫోర్నియాలోని ఒరోవిల్ పట్టణమున ఫ్రెడ్ హంటింగ్‌టన్ అను ఆయన పేలిన చిన్న తూటాల గొట్టములనే నొక్కి గుండ్లకు తొడుగులుగా మార్చు అచ్చును చేసెను; 1943లో ఆ పనిమీద వెలసిన ఆర్.సి.బి.ఎస్. సంస్థ తరువాత నింపుడు పనిముట్లకు పెట్టినది పేరయ్యెను. యుద్ధానంతరము సైన్యపు మిగులు ఇత్తడి చవుకగా దొరకెను. అది గట్టి ఇత్తడి, పరీక్షకు నిలిచినది. కాని కొన్నవారందరికి మొదటి దినముననే ఒక సంగతి తెలిసివచ్చెను: క్యాపు ఊడిరాదు, తట్టు సూది వంగును, లేదా విరుగును.

అనుభవము వారికి ఒక క్రమమును నేర్పెను. మొదట గొట్టమును వెలుతురువైపు పట్టి నోటినుండి లోనికి చూడవలెను. అడుగున నడుమ ఒకే రంధ్రము కనుపించినచో అది బాక్సర్ పద్ధతి. సన్నని రంధ్రములు రెండు కనుపించినచో బెర్డాన్. ఈ పరీక్ష చేయక సూది దింపినవాడు బెర్డాన్ దాగలిపై సూదిని విరుగగొట్టుకొనును. బాక్సర్ గొట్టమైనచో, నడుమ రంధ్రముగల ఉక్కు దిమ్మెపై దానిని నిలిపి, గట్టి ఉక్కు చువ్వను లోన దింపి, సుత్తితో ఒక సూటి దెబ్బ కొట్టవలెను. సాధారణ యంత్రములోని సన్నని సూదికంటె ఇది శ్రేష్ఠము. బలము వంకర పోక నేరుగా క్యాపుమీదనే పడును. తొందరపడి వంకరగా కొట్టినచో క్యాపు అడుగు చిరిగి రాలి, దాని గోడ మాత్రము ఉంగరము వలె గుంటలో మిగిలిపోవుట కలదు.

క్యాపు ఊడివచ్చుటతో పని సగమే ముగిసినది. దానిని పట్టియుంచిన అంచు ఇంకను గుంట నోట మిగిలియుండును. ఆ అంచును తీయక క్రొత్త క్యాపును దిగగొట్టబోయినచో అది వంకరగా కూర్చుండును, లేదా నలుగును. నలిగిన క్యాపు చేతిలోనే పేలవచ్చును. కొనవరకు దిగక పైకి తేలియున్న క్యాపు తుపాకిలో అకాలమున పేలుటకో, అసలు పేలకపోవుటకో కారణమగును. అంచును తొలగించు మార్గములు రెండు. ఒకటి, గుండ్రని కత్తివంటి పనిముట్టుతో దానిని తరిగివేయుట. ఇది త్వరగా జరుగును. కాని చేయి ఒక వీసమెత్తు అధికముగా తిరిగినచో గుంట వెడల్పయి, ఆ గొట్టములో ఏ క్యాపును నిలువదు. రెండవది, నునుపైన ఉక్కు మేకును గుంటలోనికి బలముగా నొక్కి, ముందుకు వంగిన లోహమును మరల ప్రక్కకు త్రోయుట. ఇందు లోహము పోదు, తన చోటికి తాను వెళ్లును. గొట్టమును లోపలినుండి ఒక చువ్వతో ఆనించి పట్టుట మాత్రము దీనికి ముఖ్యము. ఆధారము లేనిచో గొట్టపు అంచు వంగును. ఒక్కసారి ఈ పని చేసిన గొట్టమునకు మరల చేయనక్కరలేదు.

బెర్డాన్ గొట్టములకు నడిమి రంధ్రము లేదు గనుక వేరు ఉపాయములు పన్నిరి. కొక్కెము వంటి ముక్కుతో క్యాపును వెలుపలినుండి పొడిచి పెకలించుట ఒకటి. గొట్టము నిండ నీరు పోసి, దాని మెడలో బిగువుగా పట్టు చువ్వను పెట్టి కొట్టుట మరొకటి. నీరు కుదించుకొనదు గనుక దెబ్బ యొక్క బలము రెండు సన్నని రంధ్రముల గుండ పోయి క్యాపును వెలుపలికి త్రోయును. నీరు చిమ్మి చేసేవాడు తడిసినను, దాగలికి హాని రాదు. .303 గొట్టములతో అమెరికాలోను కెనడాలోను ఒక విశేషము కలదు: యుద్ధకాలమున అక్కడి కర్మాగారములు బ్రిటిషువారి కొరకు చేసిన .303 తూటాలలో బాక్సర్ క్యాపులు ఉండెను. ఒకే తుపాకి, ఒకే కొలత తూటా. అడుగు లోపలి రంధ్రములే అది ఎచటిదో తెలుపును.

ఈ పనులన్నింటికిని ఒకే నియమము తలమానికము. ఊడదీయవలసినది పేలిన క్యాపును మాత్రమే. పేలని క్యాపు ఫోర్సైత్ కాలమునాటి గుణమును ఏ మాత్రము కోల్పోలేదు. దెబ్బ తగిలినచో పేలుటయే దాని ధర్మము. కొట్టుటకు ముందు అడుగున సూది గుంట ఉన్నదా లేదా యని చూచుట అనుభవజ్ఞులు విడువని ఆచారము. కంటికి అద్దములు లేనిదే వారు సుత్తి పట్టరు. పేలిన క్యాపు మసిలో సీసము ఉండుట చేత పని ముగిసిన తరువాత చేతులు కడుగక అన్నము ముట్టరు.

మన దేశమున ఈ పని గృహపరిశ్రమ కాలేదు. 1959 ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చి 1878 చట్టమును తొలగించినను, అనుమతిపత్రము లేనిదే మందుగుండు తయారుచేయుట నేరముగానే ఉన్నది. కాల్పుల మైదానమున ఖాళీ గొట్టములను సైతము లెక్కపెట్టి అప్పగించుట ఈ జాగ్రత్తలోని భాగమే. అయినను తూటా మన వారి జీవితములకు దూరమైనది కాదు. ఖడ్కీతో పాటు 1964లో మహారాష్ట్రలోని వరంగావ్‌లో మరొక తూటాల కర్మాగారము వెలసెను. తెలంగాణలో ఎద్దుమైలారమున 1984లో స్థాపించిన కర్మాగారము పదాతిదళమును మోయు బి.ఎం.పి.-2 యుద్ధశకటములను నిర్మించెను. అట్టి శకటమున ఫిరంగి ప్రక్కన యంత్రపు తుపాకి ఒకటి ఉండును. లోపల ఇరుకున కూర్చున్న సిపాయికి జారిన క్యాపును వెదకి తీయు వ్యవధి ఉండదు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారముల బోర్డు రద్దయి, దానిక్రింది 41 కర్మాగారములు ఏడు ప్రభుత్వ సంస్థల క్రిందికి వచ్చెను. యాజమాన్యము మారినను క్యాపు నొక్కు మారలేదు. .303 తుపాకి సైతము చిరకాలము నిలిచెను. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికినది 2020 గణతంత్ర దినోత్సవమున.

లోకవ్యవహారమున పట్టు తెలిసినవానికి విడుపు కూడ తెలియవలెనని పెద్దల మాట. తూటా చరిత్రలో ఈ రెండు గుణములు ఇద్దరు మనుష్యులకు పంచబడినవి. కర్మాగారమున యంత్రము ముందు కూర్చున్న కార్మికుడు క్యాపు అంచును నొక్కునపుడు, తానెన్నడు చూడని ఒక సిపాయి తుపాకి ఆగరాదని నొక్కుచున్నాడు. దినమునకు వేలకొలది తూటాలు అతని కన్నుల ముందు సాగిపోవును. వానిలో ఏ ఒక్కదాని పట్టు సడలినను దాని ఫలము మరొకడు అనుభవించును. ఏండ్ల తరువాత దూరదేశమున ఆ గొట్టమును బల్లపై పెట్టి, ఆ నొక్కును విడిపింప చెమటోడ్చువాడు దానిని మొండిదని విసుగుకొనవచ్చును. గాట్లను సరిగా చూచినచో అతనికి తెలియునది వేరు. ఎవరో పేరు తెలియని పనివాడు తన పనిని సక్రమముగా చేసెనని ఆ గాట్లు చెప్పుచున్నవి. క్యాపు సులభముగా ఊడివచ్చియుండిన, అది ఊడరాని చోట ఊడియుండెడిదేమో.